ఆరుంబావు గడియలు

అచ్చుకూటంలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఆదివారంపూట నన్ను చూడ్డానికి వస్తుంటారు. కాసేపు కూర్చుని, టీ తాగి, చివరకు అందరూ ఒకటే అడుగుతారు. "మామా, ఇన్నేండ్లలో నువ్వు చేసిన పెద్ద తప్పు యాది?" చేసిన మంచి పని ఏదని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. సరే, అడిగినదానికే చెబుతాను.

నేను ఒకసారి ఒక గాలిమోటారును సముద్రంలో దించాను. అప్పటికి గాలిమోటారును నేను కళ్ళతో చూసి ఎరగను. సముద్రాన్నీ చూడలేదు. అయినా ఇంగ్లాండుకూ ఫ్రాన్సుకూ నడుమ, నిండా జనం కూర్చుని ఉండగా, కర్నూలులో సీసపు అక్షరాలుండే నా కేసు ముందు నిలబడే ఆ పని చేసేశాను.

మాది పత్తికొండ దిక్కున ఒక మెట్ట ఊరు. మా నాన్న కూలిమనిషి, మా ఊరి క్రైస్తవ సంఘంలో పెద్ద. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివి, పదిహేనేళ్ళకే కర్నూలుకు వచ్చి అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాను. నేను చెప్పే సంగతి జరిగేనాటికి నాకు ఈ పనిలో ఇరవై ఏళ్ళు నిండాయి. సీసపు అక్షరం ఏ గడిలో ఉందో చూడకుండానే నా చెయ్యి పోయేది. ఆ ఇరవై ఏళ్ళే నా కొంప ముంచాయి. రెండేళ్ళవాడైతే భయపడి ఎవరినైనా అడిగి ఉండేవాడు.

మా అచ్చుకూటం యజమాని ఒక సాయిబు. మంచివాడే, నోరే పెద్దది. ఒక ఏడాది ఎండాకాలం ముందు, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఒక పండితుడు చిన్నపిల్లల వాచకం ఒకటి అచ్చుకు తెచ్చాడు. అరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం. దాని మీద ఆయన పదేళ్ళు పనిచేశాడు. ఒక్కో పాఠం రాయడం, దగ్గర్లో ఉన్న బడికి పోయి పిల్లలకు వినిపించడం, వాళ్ళు ఆవులిస్తే చింపేయడం. అట్లా రాసిన పుస్తకం అది. కంటికి పొరలు వచ్చి చూపు సగం పోయింది. పూర్తిగా పోయేలోగా ఆ పుస్తకం పల్లెబడులకు చేరాలన్నది ఆయన కోరిక. ఇక వేరే కోరికేమీ లేదని ఆయనే చెప్పేవాడు.

మొదట్లో నేను ఆయన ఇంటికి పోయి ప్రూఫు కాగితం గడప మీద పెడితే ఆయన వంగి తీసుకునేవాడు. చదవలేక, చదివిపెట్టమనేవాడు. నేను గడప ఇవతల నిలబడి చదివేవాణ్ణి. ఆయనకు తన పుస్తకం మొత్తం నోటికి వచ్చు. ఒక్క దీర్ఘం తప్పినా వేలు ఎత్తేవాడు. నాలుగో పాఠానికి వచ్చేసరికి కాగితం నా చేతినుంచే అందుకున్నాడు. అయిదో పాఠం నాడు, "నిలబడి ఎంతసేపు చదువుతావప్పా, లోపలికొచ్చి కూసో" అన్నాడు. ఆ మాట నేను ఇంటికి పోయి నా భార్యకు రెండుసార్లు చెప్పాను.

తొమ్మిదో పాఠం పేరు 'విమానయానము'. అది రావడానికి కారణం ఒక దొరసాని. మిషను బడిలో ఉండే ఆ దొరసానికి ఈయనే తెలుగు నేర్పాడు. ఆమె సెలవులో స్వదేశం పోయినప్పుడు లండను దగ్గర క్రాయ్‌డన్ అనే చోట విమానం ఎక్కి, పారిస్ దగ్గర లె బూర్జే అనే చోట దిగింది. తిరిగి వచ్చాక గురువుగారికి కానుకగా ఆ ప్రయాణపు కాగితం ఒకటి తెచ్చి ఇచ్చింది. దూరం, బయలుదేరే వేళ, పట్టే కాలం అన్నీ అందులో ఇంగ్లీషులో ఉన్నాయి. పండితుడు ఆ కాగితాన్ని పాఠం రాతప్రతికి గుండుసూదితో గుచ్చి మాకు ఇచ్చాడు.

పాఠంలో ఆయన ఇట్లా రాశాడు: "ఈ విమానము గడియకు ముప్పదిరెండు మైళ్ళు పోవును. ఈ రెండు ఊళ్ళ నడుమ దూరము రెండువందల మైళ్ళు. కర్నూలు నుండి బెంగుళూరు వరకు ఆకాశమున గీత గీసిన ఎంతయో అంత. దారిలో సముద్రము అడ్డము వచ్చును. ఇంత దూరమును విమానము ఆరుంబావు గడియలలో దాటును."

ఇప్పటి పిల్లలకు ఆరుంబావు అంటే ఆరూ పావు అనీ తెలియదు, గడియ అంటే తలుపుకు వేసేదే తెలుసు. పండితుడికి మాత్రం కాలమంటే గడియలే. సాయిబు ఒకసారి, "గంటలని రాస్తే అందరికీ తెలుస్తాది గద సామీ" అంటే ఆయన నవ్వి, "గంట కొట్టేది నాయనా. గడియ గడిచేది. రెండూ ఒకటి గాదు" అన్నాడు. పుస్తకంలో గంట అనే మాట యాడా ఉండకూడదని నాకు మరీమరీ చెప్పాడు.

నేను పాఠం కూర్చాను. ప్రూఫు చదివి వినిపించాను. ఆయన విని, సరేనని సంతకం పెట్టాడు. పేజీలు బిగించి అచ్చు మిషను మీదికి ఎక్కించాం. కాలుతో తొక్కే మిషను, తొక్కేవాడు చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. ఆ కాసేపట్లో నేను రాతప్రతికి గుచ్చిన దొరసాని కాగితం తీసి, భద్రంగా తిరిగి ఇచ్చేద్దామని మడత పెట్టబోయాను. అందులో నాకు అర్థమయ్యే ముక్క ఒకటి కంటబడింది. రెండున్నర అవర్స్.

అయ్యో, పెద్దాయన కళ్ళు కనబడక రెండున్నరను ఆరుంబావు చేసుకున్నాడే అనుకున్నాను. అవర్ అంటే గంట, అది నాకు తెలుసు. గడియ అంటే ఏమిటి? నా లెక్కలో గడియ కూడా గంటే. నేను చెప్పులంటే పండితుడు పాదరక్షలు అంటాడు, నీళ్ళంటే ఉదకము అంటాడు. అట్లాగే గంటను గడియ అంటున్నాడు. గడియారంలో తిరిగేవి గడియలు కాక మరేమిటి?

పగలూ రాత్రీ కలిసి అరవై గడియలని రెండో పాఠంలో ఉంది. దాన్ని నా చేత్తోనే కూర్చాను. కానీ తమ్ముళ్ళారా, మన సంగతి మీకు తెలియనిదేముంది? కంపోజిటరు కూరుస్తాడుగాని చదవడు. ఇరవై ఏళ్ళలో నేను ఒక్క వాక్యం ఆగి చదివాను. అదీ వంకరగా చదివాను.

పండితుడి ఇల్లు అచ్చుకూటానికి కూతవేటు దూరం. పోయి అడిగి రావచ్చు. పోలేదు. ఆయన పరువు కాపాడుతున్నానన్న ఉత్సాహం నాకు. కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్టు, బిగింపు వదులు చేసి, చిన్న పట్టకారు లాంటి చిమటాతో 'ఆరుంబావు' ఊడబెరికి 'రెండున్నర' పెట్టాను. రెండు మాటలకూ ఎడం ఇంచుమించు సరిపోయింది. మళ్ళీ బిగించాను. తొక్కేవాడు వచ్చి తొక్కడం మొదలుపెట్టాడు. మూడు వందల ప్రతులు పడ్డాయి. ఆ రోజు నేను ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

బడులు తెరవడానికి ముందు కోయిలకుంట్లలో ఆ తాలూకా అయ్యవార్ల సభ పెట్టారు. బడుల ఇన్‌స్పెక్టరు వస్తాడు, పుస్తకం వింటాడు, బాగుందంటే పల్లెబడులకు సిఫారసు చేస్తాడు. లేదంటే మూడు వందల ప్రతులూ పండితుడి ఇంట్లో చెదలకు. ఆయన కళ్ళకు తోడుగా, పుస్తకాల మూట మోయడానికి సాయిబు నన్ను పంపాడు.

మోటారు బస్సులో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఓర్వకల్లు దగ్గర ఇంజను బుసకొడుతుంటే నీళ్ళు పోయడానికి ఆపారు. వేడిగాలి మొహానికి కొట్టింది.

"రాళ్ళగుట్టలు వచ్చినట్టుండాదే" అన్నాడు పండితుడు.

"వచ్చినాయి అయ్యవారూ. మీకు కనబడతాండాయా?"

"ల్యా. సెగ తగులుతాంది గదా." కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుని, "ఈ బస్సు గడియకు ఏడు మైళ్ళు పోతాదేమప్పా?" అన్నాడు.

బస్సు గంటకు పదిహేను మైళ్ళకు తక్కువ పోవడం లేదు. ముసలాయన ఏడంటాడేమిటి అనుకున్నాను. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడమెందుకని "అంతే ఉంటాది అయ్యవారూ" అన్నాను. చూశారా! నోటిమాటకు ఎదురు చెప్పడానికి జంకినవాణ్ణి, ఆయన రాతను మాత్రం అడక్కుండా మార్చేశాను.

కోయిలకుంట్ల బడిలో నలభై మంది దాకా అయ్యవార్లు పిల్లల బల్లల మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు చలవ కళ్ళద్దాల మనిషి, కోస్తా దిక్కు నుంచి వచ్చినవాడు. తలా ఒక ప్రతి పంచాను. ఏదైనా కొత్త పాఠం వినిపించమన్నాడు ఇన్‌స్పెక్టరు. పండితుడు నా వైపు తిరిగి, "తొమ్మిదోది చదువప్పా. నీ గొంతు బాగుంటాది" అన్నాడు.

నలభై మంది చదువుకున్నవాళ్ళ ముందు అయిదో తరగతివాణ్ణి లేచి నిలబడి చదివాను. మా నాన్న ఉంటే చూసి మురిసేవాడు. విమానం లేచింది, సముద్రం వచ్చింది. "ఇంత దూరమును విమానము రెండున్నర గడియలలో దాటును" అని గట్టిగా చదివాను.

పండితుడి వేలు లేచింది. "మళ్ళా చదువు."

వినబడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా చదివాను.

వెనక బల్ల మీద ఒక సన్నటి అయ్యవారు లేచాడు. ఏదో మెట్ట ఊరి బడి ఆయనది. మొహంలో వెటకారమేమీ లేదు, లెక్క తేలని బాధే ఉంది. "సామీ, గడియకు ముప్పైరెండంటిరి. రెండున్నర గడియలకు ఎనభై మైళ్ళే గదా? ఇంకా నూటిరవై మైళ్ళు ఉండాది. మరి ఆ జనాన్ని యాడ దించితిరి?"

"సముద్రంలో!" అన్నాడు ఇంకొకాయన. సభ గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వి, "పండితులవారికి గంటకూ గడియకూ తేడా తెలియకపోతే పిల్లల గతేమిటండీ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. గడియ వేరు, గంట వేరు. రెండో పాఠంలోని అరవై గడియలు అప్పుడు గుర్తొచ్చాయి: రోజుకు అరవై అంటే గడియకు ఇరవై నాలుగు నిమిషాలే.

పండితుడికి నాకంటే ముందే తెలిసిపోయింది. తను ఏం రాశాడో ఆయనకు తెలుసు, తను విన్న ప్రూఫులో ఏముందో తెలుసు. నా వైపు తిరగలేదు. "పుస్తకం మీద పేరు నాది. తప్పూ నాదే" అన్నాడు.

ఊరుకుంటే నా ఉద్యోగం నిలుస్తుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఊరుకుందామనే అనుకున్నాను, ఆ మాట దాచను. కానీ ఆయన కూర్చున్న తీరు చూశాను. బల్ల అంచు మీద చేతులు పెట్టుకుని, నవ్వు ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ దిక్కుకు మొహం తిప్పుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అయ్యా, ఆ తప్పు అయ్యవారిది గాదు" అన్నాను. "ఆయన ఆరుంబావు అని రాసినాడు. నేను మార్చినా."

"ఎందుకు మార్చావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బాగు చేద్దామని."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి, "ఒకచోట బాగు చేసినవాడివి ఇంకెన్ని చోట్ల చేశావో నాకెట్లా తెలుస్తుంది? ఈయన చూసుకోలేరు. ఇందులో ఏది పండితుడి రాత, ఏది కంపోజిటరు రాత? నమ్మలేని పుస్తకాన్ని నేను బడులకు ఇవ్వలేను" అన్నాడు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను నిజం చెప్పి, ఒక్క తప్పును అరవై నాలుగు పేజీలకూ అంటించాను. పదేళ్ళ పుస్తకం అక్కడితో పోయినట్టే.

పండితుడు కర్ర పట్టుకుని లేచాడు. "అందరి చేతుల్లో పుస్తకం ఉండాది గదా? మొదటి పేజీ తీయండి. నేను చెప్తా పోతా. నా మాటకూ అచ్చుకూ యాడ తేడా వస్తే ఆడ ఆపండి."

మొదలుపెట్టాడు. కోడి, కొర్రచేను, కుందూ ఏట్లో నీళ్ళు, బావి తవ్వడం, రెండో పాఠంలో అరవై గడియలు. నలభై వేళ్ళు పుస్తకాల మీద జరుగుతున్నాయి. నా ప్రాణమంతా ఆ వేళ్ళ మీదే ఉంది. నేను మార్చింది ఒక్కచోటే, అది ఒట్టు. కానీ మామూలుగా దొర్లే తప్పులో? ఏ కంపోజిటరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలడు? ఇరవయ్యో పేజీలో ఒక చెయ్యి లేచింది. 'ఎద్దు'లో దవత్తు పడలేదు, 'ఎదు' అని ఉంది.

"దానికి కొమ్ము ఇరిగిందిలే, మేత మేస్తాది గదా" అన్నాడు పండితుడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ముందటి నవ్వు కాదు.

ఆ తర్వాత అయ్యవార్లు తప్పులు వెతకడం మరిచిపోయారు. నక్క పాఠానికి సగం మంది పుస్తకాలు మూసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. పిల్లలు ఆవులించినప్పుడల్లా చింపేసి రాసిన పుస్తకం కదా, ఎట్లా ఉంటుంది మరి! కిటికీ దగ్గర నీళ్ళకుండ మోసుకుపోయే ఆడమనిషి కూడా కాసేపు ఆగి విని పోయింది. తొమ్మిదో పాఠం దగ్గర, "ఆరుంబావు గడియలలో దాటును" అని ఆయన ఒత్తి పలికాడు. నేను తల వంచుకున్నాను.

ఆఖరి పేజీ అయింది. ఎద్దు, నా 'రెండున్నర' తప్ప ఇంకో తేడా రాలేదు. మెట్ట ఊరి సన్నటి అయ్యవారు గోడ గడియారం దిక్కు చూసి, పెదవులు కదిలిస్తూ ఏదో లెక్క వేసుకున్నాడు.

"సామీ, రెండుకు మొదలుపెడితిరి. ఇప్పుడు నాలుగున్నర. ఆరుంబావు గడియలు!" అని బల్ల మీద చరిచాడు. "దిగండప్పా, పారిస్ వచ్చె!"

ఇన్‌స్పెక్టరు లేచి వచ్చి పండితుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. తప్పు దిద్దిన ప్రతులే బడులకు పోవాలన్న షరతు మీద సిఫారసు రాసిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో పండితుడు నన్ను ఒక్క మాటా అనలేదు. నంద్యాల దాటాక, నేనే ఉండబట్టలేక, "తిట్టండి అయ్యవారూ" అన్నాను.

"తిట్టి ఏం జేసేది? నువ్వు మార్చింది తప్పు గాదప్పా, అడగకపోవడం తప్పు. ఇంటికి నాలుగు అంగలు. అడిగింటే గడియంటే ఏందో చెప్పనా?"

తిట్టే పని సాయిబు చూసుకున్నాడు. "అక్షరాలు పేర్చేదానికి జీతం ఇస్తాండా, నీ అకల్, నీ తెలివి పేర్చేదానికి గాదు!" అని వీధిలోకి వినబడేట్టు అరిచాడు. పండితుడు కబురు పెట్టి ఉండకపోతే నన్ను తీసేసేవాడే. 'ఆరుంబావు' అని చిన్న చీటీలు అచ్చువేసి, ఇంట్లో గంజి కాచుకుని, మూడు వందల ప్రతుల్లోనూ నేనే అతికించాను. నా భార్య గంజి కలుపుతూ, "ఇంకేమన్నా బాగు చేసేది ఉండాదా?" అని వారం రోజులు అడిగింది.

రెండేళ్ళకు పుస్తకం మళ్ళీ అచ్చుకు వచ్చింది. ఈసారి ఎక్కువ ప్రతులు కావాల్సి వచ్చాయి. పండితుడికి అప్పటికి చూపు పూర్తిగా పోయింది. రాతప్రతి ఎవరిచేతో రాయించి పంపాడు. తొమ్మిదో పాఠంలో "ఆరుంబావు గడియలలో, అనగా రెండున్నర గంటలలో" అని ఉంది. పుస్తకంలో గంట అనే మాట అడుగుపెట్టింది ఆ ఒక్కచోటే. అది నాకోసమే పెట్టాడని తెలిసింది.

పీఠిక చివర ఒక కొత్త వాక్యం ఉంది. 'దీనికి అక్షరములు కూర్చినవాడు నిజము చెప్పి నా పుస్తకమును నిలిపెను గనుక అతనికి నేను ఋణపడితిని.'

అక్షరాలు పేర్చే స్టిక్కు కింద పెట్టేశాను. ఇది నిజం కాదు. పుస్తకాన్ని ముంచింది నేను, నిలిపింది ఆయన జ్ఞాపకం. ఊడబెరికే చిమటా పక్కనే ఉంది. సిరా చేతులతోనే, చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన ఇంటికి పోయాను.

అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, "ఏమప్పా?" అన్నాడు.

"అయ్యవారూ, పీఠికలో ఒక వాక్యం తప్పుగా ఉండాది. తీసేద్దునా?"

ఆయన మొహం నిండా నవ్వు పరుచుకుంది. పక్కన చోటు చేత్తో తడిమి, కూర్చోమన్నట్టు రెండుసార్లు తట్టాడు.

"అడిగినావు గదప్పా" అన్నాడు. "తీయొద్దు. ఉండనీ."